మా మేనల్లుడి దరఖాస్తు

మా మేనల్లుడికి పంతొమ్మిది నిండాయి. అగ్నివీర్‌గా చేరడానికి దరఖాస్తు పెడతానంటున్నాడు. వాళ్ళమ్మ, అంటే మా అప్ప (శ్రీకాకుళం వైపు అక్కని మేం అలాగే పిలుస్తాం), పెట్టమనే అంటోంది. మా బావ ఏ మాటా అనడు. ఇద్దరూ కలిసి తేల్చే పని నా మీదకి తోసేశారు. మా కుటుంబంలో త్రిశరణాలు, పంచశీల మొదట తీసుకున్నవాణ్ణి నేను. చిన్నప్పుడు వాడి చేత మొదటి శీలం పలికించినవాణ్ణీ నేనే. ప్రాణిహింస చెయ్యనని పలికినవాడు తుపాకీ పట్టవచ్చునా అని వాడు నన్ను అడగలేదు. "చేరితే నువ్వు బాధపడతావా మావయ్యా?" అని మాత్రం అడిగాడు. ఈ నెలంతా నేను దానికి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. మన ఉపాసకుల ఇళ్ళలో ఈ వయసు పిల్లలు చాలామంది ఉన్నారు కనుక నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది ఉస్లాపూర్‌లో, బిలాస్‌పూర్‌ని ఆనుకుని, కట్నీ వెళ్ళే లైను మీద. రాయపూర్ నుంచి కట్నీ వైపు పోయే కొన్ని బండ్లు ఇంజను తిప్పుకునే పని లేకుండా, బిలాస్‌పూర్ జంక్షన్‌కి వెళ్ళకుండానే, ఇక్కడ ఆగి పోతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్ళు ఈ లైన్ల మీద గ్యాంగు పనికి వచ్చారు. 1931లో విజయనగరం నుంచి రాయపూర్‌కి పట్టాలు కలిశాక రావడం ఇంకా సులువైంది. మా తాత అలా వచ్చినవాడే. సెంటు భూమి లేని మాల ఇంటికి రైల్వే అంటే నెల జీతం, క్వార్టర్, ఆసుపత్రి, పిల్లలకి బడి, చివర్లో పెన్షన్. మా బావ ట్రాక్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. 2004 జనవరి 1కి ముందు చేరినవాడు కాబట్టి పాత పెన్షన్ వస్తోంది, ఇల్లు దాని మీదే నడుస్తోంది. ఆ తేదీ తరవాత కేంద్ర ఉద్యోగాల్లో చేరినవాళ్ళకి పాత పెన్షన్ లేదు, త్రివిధ దళాలకి తప్ప. అందుకే పద్ధెనిమిదేళ్ళ పాటు మా కాలనీల్లో మిలటరీ అంటే పెన్షన్ మిగిలిన ఆఖరి ఉద్యోగం. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించడంతో కింది ర్యాంకుల్లో కొత్తగా చేరేవాళ్ళకి అదీ పోయింది.

లెక్క ముందు చెప్పుకుందాం, ధర్మాధర్మాలు తరవాత. మన ఇళ్ళలో ప్రశ్న వచ్చే వరస కూడా అదే. పథకం ప్రకటించినప్పుడు పెట్టిన వయసు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి లోపు, పెళ్ళి కాకూడదు. నాలుగేళ్ళ ఉద్యోగం, శిక్షణ కూడా అందులోనే. మొదటి ఏడు నెలకి 30,000, నాలుగో ఏడు 40,000. అందులో 30 శాతం సేవానిధికి పట్టుకుంటారు, కాబట్టి మొదటి ఏడు చేతికి వచ్చేది 21,000. పట్టుకున్నంతా ప్రభుత్వం కూడా వేస్తుంది. నాలుగేళ్ళ చివర వడ్డీతో కలిపి 11.71 లక్షలు, పన్ను లేకుండా. గ్రాట్యుటీ లేదు, పెన్షన్ లేదు. నూటికి ఇరవై అయిదు మంది వరకు సైన్యంలో కొనసాగుతారు, మిగతావాళ్ళు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకి ఇంటికి. విధి నిర్వహణలో చనిపోతే 48 లక్షల బీమా, పైన 44 లక్షలు.

మా అప్ప ఈ అంకెల్లో ఒక్కటే పట్టుకుంది. పదకొండు లక్షలు. కూతురి పెళ్ళికి చేసిన అప్పు తీరిపోతుంది, ఇంటి మీద ఒక గది పడుతుంది. ఆమెని తప్పుపట్టే హక్కు నాకు లేదు. మా వంశంలో పదకొండు లక్షలు ఒక్కసారి చూసిన చెయ్యి లేదు. నేను మాత్రం ఇంకో అంకె దగ్గర ఆగిపోయాను: పదిహేను. మామూలు సిపాయి పదిహేనేళ్ళు సర్వీసు చేస్తే బతికినంతకాలం పెన్షన్, మిలటరీ ఆసుపత్రి, క్యాంటీన్, మాజీ సైనికుడన్న హోదా, తన తరవాత భార్యకి కుటుంబ పెన్షన్. నాలుగుకీ పదిహేనుకీ మధ్య తేడా పదకొండేళ్ళు కాదు, ఒక తరం.

2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగింది పాఠకులకి గుర్తుండే ఉంటుంది. దేహదారుఢ్య పరీక్ష, వైద్య పరీక్ష అయిపోయి, రాత పరీక్ష కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పిల్లలు పట్టాల మీదకి వచ్చారు. బోగీలు కాలాయి. కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రవాడొకడు చనిపోయాడు. రైల్వే ఇంట్లో పుట్టిన నాకు కాలిన బోగీ చూస్తే కడుపులో దేవినట్టయింది. అయినా ఆ పిల్లల మీద కోపం రాలేదు.

మా వాడు రైల్వే పరీక్షలకీ చదువుతున్నాడు. కానీ ఆ దారి ఎంత పొడుగో వాడికి తెలుసు. 2019లో గ్రూప్ డి కింద లక్షా మూడు వేల పైచిలుకు పోస్టులకి ప్రకటన వచ్చింది. కోటీ పదిహేను లక్షల మంది దరఖాస్తు పెట్టారు. పరీక్ష 2022 ఆగస్టులో మొదలైంది. మూడేళ్ళు! అన్నాళ్ళు కాచుకుంటే అగ్నివీర్ వయసు దాటిపోతుంది. రాష్ట్ర ఉద్యోగాల సంగతి సరేసరి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు కులమో తెగో అయినవాడు వలసపోయిన రాష్ట్రంలో ఆ హోదా కోరలేడని. కాబట్టి ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి పెరిగిన మా వాడు ఇక్కడి రాష్ట్ర కొలువులకి జనరల్ కింద లెక్క. చిత్రమేమంటే, బౌద్ధం తీసుకున్నవాళ్ళకి షెడ్యూల్డు కులాల హోదా దక్కేలా ఉత్తర్వు మార్చింది కూడా ఆ 1990లోనే. కేంద్ర ఉద్యోగాలకి తండ్రి సొంత రాష్ట్రపు పత్రం ఆధారంగా హోదా చెల్లుతుంది. సైన్యంలో మాత్రం రిజర్వేషనే లేదు. కులం, మతం పత్రాలు మాత్రం తెమ్మంటారు. 2022లో దాని మీద గొడవ జరిగితే, ఇది పాత పద్ధతేనని, సైనికుడు మరణిస్తే అంత్యక్రియలు ఏ మతం ప్రకారం చెయ్యాలో తెలియడానికి మతం అవసరమని సైన్యం వైపు నుంచి వివరణ వచ్చింది.

ఇక బాబాసాహెబ్ దగ్గరకి వస్తాను. సైన్యం మనకి పరాయిది అనేవాళ్ళకి జవాబు ఆయన పుట్టిన ఊరే. 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక కంటోన్మెంట్‌లో పుట్టాడు. తాత మాలోజీ సైనికుడు. తండ్రి రాంజీ సుబేదారు, సైనిక పాఠశాలలో పద్నాలుగేళ్ళు ప్రధానోపాధ్యాయుడు. ఊరి బడిలో గుమ్మం బయట కూర్చోబెట్టే రోజుల్లో, సైనికుడి పిల్లలకి చదువు తప్పనిసరి చేసిన చోటు అది. ఒక మహర్ కుటుంబంలోకి అక్షరం వచ్చిన దారి బారకాసుల గుండా వచ్చింది. భీమా కోరేగావ్ స్తంభాన్ని మనం 1818 జనవరి 1నాటి యుద్ధం కోసం తలుచుకుంటాం, 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి వెళ్ళాడనీ తలుచుకుంటాం. నా మటుకు నాకు ఆ స్తంభం కంటే రాంజీ బడి ముఖ్యం.

ఆ దారిని 1892లో మూసేశారు, మహర్లని చేర్చుకోవడం ఆపేసి. పోరాట జాతులు, పోరాడని జాతులు అని రాబర్ట్స్ లాంటి సైన్యాధిపతులు చేసిన విభజనలో మహర్లతో పాటు మద్రాసు సైన్యంలోని మన దక్షిణాది సిపాయిలకీ విలువ పోయింది. తలుపు మళ్ళీ తెరవమని 1894లో పాత సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్, 1910లో శివరాం జానబా కాంబ్లే అర్జీలు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసొచ్చి 1917లో 111వ మహర్ దళం పెట్టారు, 1921లో రద్దు చేశారు. 1941లో, బాబాసాహెబ్ రక్షణ సలహా సంఘంలో ఉన్నప్పుడు, బెల్గాంలో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. అది నిలిచింది. 1943లో పుట్టిన చమార్ రెజిమెంట్ మాత్రం 1946లో రద్దయిపోయింది. యుద్ధం వస్తే పిలవడం, అయిపోయాక పొమ్మనడం మనవాళ్ళకి కొత్త కాదు. నాలుగేళ్ళ ఉద్యోగం అనగానే నాకు మొదట 111వ దళమే గుర్తుకొచ్చింది.

మహర్ రెజిమెంట్ కేంద్రం ఇప్పుడు మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లో ఉంది. మా ఉస్లాపూర్ నుంచి ఇదే లైను మీద కట్నీ, దమోహ్ దాటి వెళితే వస్తుంది. ఈ మాట చెబితే మా వాడి కళ్ళు మెరిశాయి. "బాబాసాహెబ్ అడిగి తెచ్చుకున్నదాన్ని నువ్వు వద్దంటావా మావయ్యా?" అన్నాడు. బాగానే అన్నాడు.

కానీ అదే బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' రాసినప్పుడు, సిద్ధార్థుడు ఇల్లు విడిచిన కారణంగా ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసిన కథని ఒప్పుకోలేదు. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులకీ కోలియులకీ వచ్చిన తగవుని అక్కడ పెట్టాడు. ఆ భాగం మనం సభల్లో చదువుతాం గానీ దాని అర్థం ఇంటికి తెచ్చుకోం. సేనాపతి యుద్ధం ప్రతిపాదిస్తాడు. సిద్ధార్థుడు ఒక్కడే లేచి, రెండు వైపులా ఇద్దరేసి మనుషుల్ని ఎంచుకుని, ఆ నలుగురూ అయిదో మనిషిని ఎంచుకుని తగవు తేల్చుకోమంటాడు. ఓట్లలో ఓడిపోతాడు. మర్నాడు ఇరవై నుంచి యాభై ఏళ్ళ లోపు శాక్యులందరూ సైన్యంలో చేరాలన్న ప్రతిపాదన వస్తుంది. మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. ఆయన మాత్రం చేరనంటాడు. చేరకపోతే ఏం చేస్తారు? కుటుంబానికి సాంఘిక బహిష్కారం, ఆస్తి స్వాధీనం. సాంఘిక బహిష్కారం అంటే ఏమిటో ఆ రాసినవాడికి తెలుసు, చదివే మనకీ తెలుసు. ఆ శిక్ష ఇంటివాళ్ళ మీద పడకుండా ఆయన పరివ్రాజకుడై వెళ్ళిపోతాడు.

అంటే బాబాసాహెబ్ మనకి చెప్పిన కథలో ధమ్మం మొదలైందే ఒక పడుచువాడు సైన్యంలో చేరను అనడంతో. సుబేదారు కొడుకు రాసిన కథ ఇది. తండ్రి ఉద్యోగాన్ని ఆయన ఎక్కడా చిన్నబుచ్చలేదు, మనవాళ్ళని సైన్యంలోకి పంపడానికి పాటుపడ్డాడు, అయినా బోధిసత్వుడి చేత సేనాపతికి కాదు అనిపించాడు. ఈ రెంటినీ ఎలా కలపాలని ఈ నెలంతా తలపట్టుకున్నాను. కలపనక్కర లేదనిపిస్తోంది ఇప్పుడు. తలుపు మూసి ఉన్నప్పుడు తెరవమని అడగడం ఒకటి. తెరిచిన తలుపులోంచి వెళ్ళాలా వద్దా అని మనిషి తనకి తాను ఎంచుకోవడం ఇంకొకటి. మొదటిది లేకుండా రెండోదానికి విలువ లేదు. చేర్చుకోనివాడి ముందు "నేను చేరను" అంటే ఎవరు వింటారు?

పాళీ సుత్తాల్లో కూడా సూటి జవాబు దొరకదు, దొరికినవి కూడా సుఖంగా ఉండవు. ఉపాసకుడు చెయ్యకూడని అయిదు వ్యాపారాల్లో ఆయుధాల వ్యాపారం ఉంది, సైనికోద్యోగం లేదు. వజ్జీల సేనాపతి సీహుడు శరణు కోరితే బుద్ధుడు బాగా ఆలోచించుకోమన్నాడే గాని సేనాపతి పదవి వదులుకోమనలేదు. సరిహద్దు అల్లర్లు అణచడానికి బింబిసారుడు సైనికుల్ని పంపితే, యుద్ధానికి పోతే పాపం చుట్టుకుంటుందని కొందరు సంఘంలో చేరిపోయారు. రాజు మొరపెట్టుకున్నాక రాజోద్యోగులకి దీక్ష ఇవ్వకూడదని నియమం వచ్చింది. మా మేనల్లుడి ప్రశ్న రెండున్నర వేల ఏళ్ళ నాటిదే అన్నమాట. ఆ సైనికుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

అన్నిటికంటే గట్టిది సంయుత్త నికాయంలోని యోధుల నాయకుడి ప్రశ్న. యుద్ధంలో చచ్చినవాడు దేవలోకానికి పోతాడని మా పెద్దలు చెబుతారు, నిజమేనా అని అడుగుతాడు. బుద్ధుడు రెండుసార్లు అడగొద్దంటాడు. మూడోసారి అడిగితే చెబుతాడు: ఎదుటివాడు చావాలి, నాశనం కావాలి అని మనసు అప్పటికే దిగజారి ఉంటుంది, అలాంటి మనసుతో చచ్చినవాడికి దేవలోకం ఎక్కడిది, పడేది నరకంలోనే అని. ఆ నాయకుడు ఏడుస్తాడు. బుద్ధుడి మాటకి కాదట, పెద్దలు ఇన్నాళ్ళు తనని మోసం చేసినందుకట. స్వర్గనరకాల మాట మనం పక్కన పెట్టేద్దాం, మన ధమ్మంలో వాటికి పనిలేదు. సైనికుడికి చావు తరవాతి గొప్పని అమ్మేవాళ్ళు ఆనాడూ ఉన్నారు, కొన్నది వాడొక్కడే. ఇప్పుడు స్వర్గానికి బదులు పూలదండలు, జెండా, ఊరి కూడలిలో విగ్రహం.

బాబాసాహెబ్ అహింస గురించి రాస్తూ చంపాలన్న కోరికకీ, చంపవలసిన అవసరానికీ తేడా చూపాడు. మొదటిదాన్ని బుద్ధుడు ఎప్పుడూ ఒప్పుకోడు, రెండోదాన్ని మనిషి తన బుద్ధితో తేల్చుకోవాలి. ఇది పెద్దవాళ్ళకే కష్టమైన తూకం. ఆజ్ఞ పాటించడమే వృత్తి అయిన చోట ఇరవై ఏళ్ళవాడు ఆ తూకం ఎప్పుడు వేసుకుంటాడు? నా భయమంతా ఇక్కడే ఉంది. మా పూర్వీకుల కళింగాన్ని గెలిచిన అశోకుడు కూడా, లక్ష మంది చచ్చారని, లక్షా యాభై వేల మందిని తరలించారని పశ్చాత్తాపపడ్డ ఆ పదమూడో శాసనంలోనే, అడవి మనుషుల్ని దారికి రమ్మని, శిక్షించే బలం తనకి ఇంకా ఉందని హెచ్చరిస్తాడు. ఆ శాసనం మన ఎర్రగుడి బండల మీద ఉంది గాని కళింగంలోని ధౌలి, జౌగడల్లో చెక్కించలేదు. దెబ్బ తిన్నవాళ్ళకి పశ్చాత్తాపం చదివి వినిపించలేదు మరి.

అడవి మనుషులు అన్నాను కాబట్టి ఛత్తీస్‌గఢ్ సంగతీ చెప్పాలి. ఇక్కడ మిలటరీ అని జనం అనేదాంట్లో సగం సీఆర్‌పీఎఫ్, రాష్ట్ర పోలీసు. బస్తర్‌లో ఉన్నది వాళ్ళే. కేంద్ర సాయుధ బలగాల్లో రిజర్వేషన్ ఉంది, ఉద్యోగం అరవై ఏళ్ళ వరకు ఉంటుంది. అగ్నివీర్లుగా చేసి వచ్చినవాళ్ళకి ఆ కొలువుల్లో పది శాతం ఇస్తామని 2022లోనే ప్రకటించారు. లెక్క ప్రకారం చూస్తే నేను వాణ్ణి అటు పంపాలి. కానీ 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్లలో చనిపోయిన 76 మందీ పేదింటి పిల్లలే. అవతల అడవిలో చచ్చేవాళ్ళూ గోండు పల్లెల పిల్లలే. ఆదివాసీ కుర్రవాళ్ళకి తుపాకులిచ్చి వాళ్ళ సొంత పల్లెల మీదకి పంపడం తప్పని 2011 జులై 5న సుప్రీంకోర్టే చెప్పింది. సరిహద్దులో కాపలా కాసేవాడు ఎదుటివాణ్ణి శత్రువు అనుకోవడం ఎంత తేలికో నాకు తెలీదు. ఇక్కడ మాత్రం ఎదుటివాడితో కలిసి మా వాడు బడికి వెళ్ళాడు.

ఇదంతా చెప్పాక మా వాడు ఒక్క మాట అడిగాడు. "సీహుడికి పెన్షన్ ఉండేదా మావయ్యా?" ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత నవ్వకుండా అన్నాడు: "పట్టా మీద పనిచేసేవాడికి మాత్రం చావు లేదా? నువ్వు ఆ పరీక్షకి నన్నే చదివించావు. నా ప్రాణం పోతే ఫరవాలేదు గాని నా వల్ల పోకూడదంటావు. అంతేనా?"

అంతేనని ఒప్పుకున్నాను. మొదటి శీలం అదే చెబుతుంది కదా.

వాడికి నేను చెప్పింది ఇది. రాంజీ సుబేదారుకి దొరికిన ఒప్పందం నీ ముందు ఉండి ఉంటే, అంటే నీకు జీవితకాలపు నిలకడ, నీ పిల్లలకి బడి, బరువు తూచి చూసుకుని వెళ్ళమనేవాణ్ణి. చంపవలసి రావచ్చునన్న భారం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. దానికిచ్చే కూలి మాత్రం పదిహేనేళ్ళ నుంచి నాలుగేళ్ళకి, పెన్షన్ నుంచి పదకొండు లక్షలకి దిగింది. ఆ ధరకి నేనైతే ఒప్పుకోను. నువ్వు వెళ్ళదలిస్తే పదకొండు లక్షల కోసం వెళ్ళకు, అప్పు మనం కలిసి తీర్చుకోవచ్చు. నూటికి డెబ్భై అయిదు మందిలో నువ్వుంటావని అనుకుని వెళ్ళు. నాలుగేళ్ళు చదువు ఆపకు. ఎదుటివాడు చావాలని కోరిక పుట్టిన రోజున ఇంటికి ఫోన్ చెయ్యి, ఏ అర్ధరాత్రయినా. రానని నువ్వు అన్నా, మధ్యలో రాలేనన్నా, ఈ ఇంట్లో నిన్ను పిరికివాడు అనేవాడు లేడు. ధమ్మం పుట్టించినవాడు చేరనన్నవాడే.

మా అప్పకి ఈ మాటలు నచ్చలేదు. మంచి చెప్పమంటే చెడగొట్టావంది. మా బావ మొదటిసారి నోరు విప్పి, "ఆడి కాళ్ళు, ఆడి పరుగు. ఆణ్ణే చెప్పనీ," అన్నాడు.

వాడు రెండు దరఖాస్తులూ పెడతానన్నాడు, రైల్వేది ముందు. రోజూ తెల్లవారుజామున సకరీ రోడ్డు మీద పదహారు వందల మీటర్లు పరిగెడుతున్నాడు. పూర్తి మార్కులు రావాలంటే అయిదున్నర నిమిషాల లోపు రావాలట, ఇంకా ఇరవై సెకన్లు తగ్గాలి. మొన్న కావలసిన పత్రాలన్నీ వరసగా పెట్టుకుంటూ మతం దగ్గర ఆగాడు. ఏం రాయాలని నన్ను అడగలేదు, 'బౌద్ధం' అని రాసుకున్నాడు. ఆ పత్రం దేనికని వాళ్ళమ్మ అడిగింది. నేను చదివినది చెప్పకుండా ఉండిపోయాను. వాడే చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, పత్రం ఎవరిస్తారు, ఎప్పుడు వెళ్ళాలి అని అడిగింది. సోమవారం ముగ్గురం తహసీల్ ఆఫీసుకి వెళుతున్నాం.